పన్నెండు మందికి జామీను

హీరాలాల్ తండా, చండ్రుగొండ మండలం
జనవరి 6, 2025

గౌరవనీయులైన ఆదినారాయణ సారుకు,

నమస్కారం. నేను హేమలతను. మీరు మా చండ్రుగొండ బ్యాంకు బ్రాంచి వదిలి బోనకల్ మేనేజరుగా వెళ్లి నెల దాటింది. స్టేషన్ పక్కనే గది కిరాయికి తీసుకున్నారని అటెండర్ చెప్పాడు. రైళ్ల చప్పుడులో నిద్ర పడుతోందా?

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకండి. మా తండాలో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలని మీకు తెలుసు. పైగా ఫోన్లో విన్నది నేనొచ్చి చెబితే మా తుల్జాభవాని పొదుపు సంఘం ఆడవాళ్లు నమ్మరు. మీటింగులో కాగితం విప్పి చదవాలి. మా యాడి, అంటే మీరు కమ్లి చెల్లె అని పిలిచే మా అమ్మ, సంఘం అధ్యక్షురాలైన నాటి నుంచి ఇదే పద్ధతి.

మీ చోట్లో శోభారాణి మేడం వచ్చారు. మంచివారిలాగే ఉన్నారు గానీ కుర్చీ దిగరు. మీరైతే పదో తారీఖున తండాకే వచ్చి, మా అరుగు మీద కూర్చుని కిస్తీ తీసుకుని, రసీదు రాసి, రొట్టె తిని వెళ్లేవారు.

యాడి అడగమన్నది ఒక్కటే. మీరు తండాకు ఎప్పుడొస్తారు? సంఘంలోని పన్నెండు మందీ అడుగుతున్నారు. "సారు మనకు జామీను ఉన్న మనిషి. ఊరు మారంగనే మర్శిపోతడా?" అంటోంది పూలి పెద్దమ్మ. మా తండా పద్ధతి మీకు కొత్త కాదు. ఒకరి అప్పుకు ఇంకొకరు జామీను ఉంటే, తీర్చే పైసలు ఆ మనిషి చేతిలోనే పెడతారు. ఆయన్ని దాటి నేరుగా ఇస్తే ఆయన మాటను తొక్కినట్టు లెక్క. అందుకని ఒక్క పదో తారీఖున వచ్చి వెళ్లండి సారు.

మీ హేమలత

*

బోనకల్
జనవరి 17

చిరంజీవి హేమకు,

నీ ఉత్తరం మా బ్రాంచిలో అందరికీ చూపించాను. "సార్, మీకు ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా" అని మా క్యాషియర్ కుర్రాడు నోరు తెరిచాడు. బదిలీ అయిన మేనేజరును తలుచుకునే ఊరు ఒకటి చూపించమన్నాను వాడిని. కాస్త గర్వపడ్డాను, దాచడం దేనికి?

ఆరేళ్లు మీ సంఘం ఒక్క కిస్తీ తప్పలేదు. ఖమ్మంలో పెద్దాఫీసు మీటింగులో నాకు శాలువా కప్పింది మీ తండా పుణ్యానే. "అడవి అంచు ఊళ్లలో వంద శాతం వసూలు ఎలా సాధ్యమయ్యా" అని అడిగితే, అప్పు తీసుకున్నవాళ్లను మనుషుల్లా చూస్తే చాలు అని జవాబిచ్చాను. చప్పట్లు కొట్టారు.

రావాలని నాకు మాత్రం ఉండదా? కానీ మోకాలు మొండికేసింది, బస్సెక్కితే దిగనివ్వడం లేదు. పైగా సంవత్సరాంతం పనులు. జామీను సంగతులు ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు? శోభారాణిది కొత్తగూడెం, బొగ్గుబాయి వాళ్ల పిల్ల, నాలాంటిదే. మాట గట్టిగా ఉంటుంది గానీ మనసు మంచిది. బ్యాంకు ఒక్కటే, కుర్చీలో మనిషే మారింది. ఎప్పటిలా ఆమెకు కట్టేయండి.

బ్యాంకు పరీక్ష చదువు ఎందాకా వచ్చింది? లెక్కల్లో నువ్వు బంగారం. ఇంగ్లీషు మీద కూర్చో.

ఆశీస్సులతో,
ఆదినారాయణ

*

హీరాలాల్ తండా
ఫిబ్రవరి 3

ఆదినారాయణ సారుకు నమస్కారం.

మీ ఉత్తరం మీటింగులో చదివాను. మీ మోకాలి గురించి పావుగంట మాట్లాడుకున్నారు. మన సంఘంలో ఉన్న కోయ గూడెం భీమక్క పసరు మందు పంపిస్తానంది. రానని మీరు రాయలేదు గనుక వస్తారనే అనుకున్నారు.

కిందటి ఉత్తరంలో ఒక విషయం దాచాను. మీరు బాధపడతారని. డిసెంబరు కిస్తీ కట్టలేదు సారు. జనవరిదీ కట్టలేదు. పైసలు లేక కాదు. పదో తారీఖున ఎవరి వంతు వాళ్లు తెచ్చి యాడి చేతిలో పెడుతూనే ఉన్నారు. మా ఇంట్లో బట్టల పెట్టె అడుగున ఉన్నాయి, మీరొస్తే మీ చేతిలో పెట్టడానికి.

మొన్న గురువారం శోభారాణి మేడం తండాకు వచ్చారు. అరుగు మీద కూర్చోమంటే నిలబడే మాట్లాడారు.

"పైసలు పెట్టెల పెట్టుకొని కట్టకపోవుడు ఏందమ్మా?" అన్నారు.

"మా జామీను సారు. గాయన చేతికే ఇస్తం" అంది యాడి.

"ఏం జామీను? సంఘం అప్పుకు జామీను ఎవ్వరుండరు."

"ఎందుకుండడు? మాకు పట్టా లేదు, పాసుబుక్కు లేదు. పోడు చేస్కునేటోళ్లకు బ్యాంకు ఊకెనే ఇస్తదా? ఇల్లెందుల తన ఇల్లు కాగితం పెట్టి సారు ఇప్పించిండు. మేము కట్టకుంటే గాయన ఇల్లు పోతది."

మేడం నవ్వారు. కావాలని నవ్వలేదేమో. కానీ మీ ఇల్లు పోతుందన్న మాటకు నవ్వేసరికి పూలి పెద్దమ్మ కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయింది, ఆమె వెనకే అందరూ. మేడం మా గుమ్మంలో ఒక్కరే మిగిలారు. వెళ్తూ నాకు నోటీసు ఇచ్చారు. మార్చి పదిలోగా కట్టకపోతే మా సంఘం మొండిబాకీ లిస్టులో పడుతుందట. అప్పుడు జూన్లో విత్తనాలకు అప్పు రాదు, ఏ బ్యాంకూ మా పన్నెండు మందిని గడప తొక్కనివ్వదు.

దెబ్బ అప్పుడే మొదలైంది. మిర్చి ఏరే కూలీలకు ఇవ్వడానికి భీమక్క సంఘాన్ని పైసలు అడిగింది. కిస్తీలు ఆగాయి గనుక మా ఖాతా కదలదు. పెట్టెలోవి ముట్టుకోనివ్వదు యాడి, అవి సారువి అంటుంది. భీమక్క విత్తనాల సేటు దగ్గరికి వెళ్లింది. పంటంతా తనకే, తను చెప్పిన ధరకే అమ్మాలని కాగితం రాయించుకున్నాడు. ఈ ఆరేళ్లలో మా వాళ్లెవరూ సేటు మెట్లెక్కలేదు.

ఒక్క పూట రండి సారు. నాలుగు గంటల దారి.

హేమలత

*

బోనకల్
ఫిబ్రవరి 10

హేమకు,

ఇదేం పిచ్చి పని? రెండు నెలలు డబ్బు పెట్టెలో పెట్టుకుని కూర్చుంటారా? చదువుకున్నదానివి, నువ్వేం చేస్తున్నావు? నా ఆరేళ్ల కష్టం మూడు నెలల్లో బూడిదలో పోసేట్టున్నారు. జూన్లో రిటైర్ అవుతున్నాను. ఇప్పుడు నా పాత బ్రాంచిలో మొండిబాకీ పడితే, అదీ నా పేరే కారణంగా చూపించి, పెద్దాఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

వచ్చే పని కాదు. బదిలీ అయిన మేనేజరు పాత ఖాతాదారుల దగ్గర డబ్బు ముట్టుకోకూడదు. దీనితో పాటు ఒక కాగితం పెడుతున్నాను. మీటింగులో చదివి, పైసలు తీసుకెళ్లి కట్టించు.

ఆదినారాయణ

[కాగితం]
తుల్జాభవాని మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు. మీ అప్పుకు నేనున్న జామీనును ఇవాళ్టి నుంచి శోభారాణి మేడం గారికి అప్పగించాను. ఇకపై కిస్తీ ఆమె చేతిలో పెడితే నా చేతిలో పెట్టినట్టే.

*

హీరాలాల్ తండా
ఫిబ్రవరి 20

ఆదినారాయణ గారికి,

మీ కాగితం చదివాను. అందరూ సంతోషించారు. మరునాడే యాడి, పూలి పెద్దమ్మ, ఇంకో ఇద్దరు మంచి చీరలు కట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వచ్చారు. పెట్టెలోని పైసలు మాత్రం తేలేదు. ముందు మాట తీసుకోవాలి కదా.

యాడి కాగితాన్ని మేడం బల్ల మీద పరిచింది. "ఇగ నువ్వే మాకు జామీనట. నీ ఇల్లు ఏడుందమ్మా? నీ ఇంటి మీదికి తెచ్చుడు మాకిష్టం లేదు. గట్టిగ చూస్కుంటం, భయపడకు" అంది.

మేడం ఈసారి నవ్వలేదు. కాగితం రెండుసార్లు చదివారు. తలుపు దగ్గరికి వేసి, అందరికీ చాయ్ తెప్పించి, నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచారు. కంప్యూటర్లో ఒక సర్క్యులర్ తెరిచి చదవమన్నారు. మహిళా సంఘాల అప్పుకు తాకట్టు అడగకూడదు, జామీను అడగకూడదు. చాలా ఏళ్లుగా ఉన్న రూలు అది. ఇంటికొచ్చి చూస్తే నేను బ్యాంకు పరీక్షకు చదువుతున్న పుస్తకంలో కూడా ఉంది. మీరు కొనిచ్చిన పుస్తకమే. ఆ పేజీ రెండుసార్లు చదివి కూడా నేను మా సంఘం గురించి అనుకోలేదు. అది వేరే వాళ్లకేమో అనుకున్నాను.

"గీ కాగితం నేను పైకి పంపను. సారు రిటైర్మెంట్ దగ్గరుంది. కానీ మార్చి పదిని నేను ఆపలేను" అన్నారు మేడం.

ఆమె చూపించింది యాడికి నేను చెప్పలేదు. మేడం ఆలోచిస్తారట అని మాత్రం అన్నాను. మీ గురించి ఆ మాట నా నోటితో చెప్పలేకపోయాను. చెప్పినా నమ్మరు, నన్నే తిడతారు.

నేను అడిగేది సూటిగా అడుగుతున్నాను. మీరు ఇల్లు తాకట్టు పెట్టారా లేదా? పెట్టకపోతే ఆరేళ్లు ఎందుకలా చెప్పారు? ఈసారి జవాబులో మోకాలి గురించి రాయకండి.

హేమలత

*

బోనకల్
ఫిబ్రవరి 28

హేమకు, తుల్జాభవాని సంఘంలోని పన్నెండు మందికి,

ఇది మీటింగులో చదవాల్సిన ఉత్తరం. ఒక్క ముక్క కూడా వదలకుండా చదువమ్మా.

నేను మీకు జామీను లేను. ఏ రోజూ లేను. ఇల్లెందులో మా నాయన బొగ్గుబాయిలో పనిచేసి కట్టిన రెండు గదుల ఇల్లు నా పేరునే ఉంది, దాని కాగితం మా ఇనప బీరువాలోనే ఉంది. ఏ బ్యాంకులోనూ దాన్ని పెట్టలేదు. మీ సంఘానికి అప్పు వచ్చింది మీ సంఘం పేరు మీద, మీరు నెలనెలా చేసిన పొదుపు మీద. ఇవ్వడం బ్యాంకు బాధ్యత. నేను దయతలిచి ఇచ్చిందేమీ లేదు.

ఎందుకు చెప్పానంటే, నేను చండ్రుగొండ వచ్చిన కొత్తలో బ్రాంచి వసూళ్లు ఘోరంగా ఉండేవి. వారం వారం పైనుంచి తిట్లు. మీ తండాకు మొదటిసారి వచ్చినప్పుడు "పట్టా లేనోళ్లకు ఎట్లిస్తవ్ సారూ" అని కమ్లి అడిగింది. రూలు వివరించబోయాను. మీ మొహాల్లో నమ్మకం కనిపించలేదు. అప్పుడు నోటికొచ్చింది, "నేనున్న కదా, నా ఇల్లు పెట్టిన మీకోసం" అని. ఆ మాటకు అందరూ ఒక్కసారి నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నెల తిరిగేసరికి కిస్తీ ముందురోజే సిద్ధంగా ఉంది. ఇంత సులువా అనుకున్నాను. ఆ తర్వాత ఎన్నోసార్లు సరిదిద్దుకునే వీలు చిక్కింది. సరిదిద్దుకోలేదు. మీ రొట్టె రుచిగా ఉంది, మీరు పెట్టే మర్యాద రుచిగా ఉంది, శాలువా రుచిగా ఉంది.

మిమ్మల్ని మనుషుల్లా చూశానని మీటింగులో చెప్పుకున్నాను. నిజానికి మీకు మీ హక్కు చెప్పకుండా, నా ఇంటి భయం పెట్టి వసూలు చేశాను. శోభారాణి మీ దగ్గర కూర్చోకపోవచ్చు, మీ రొట్టె తినకపోవచ్చు. కానీ ఆమె మొదటి రోజే మీకు నిజం చెప్పింది. బ్యాంకు మనిషి చెయ్యాల్సింది అదే.

భీమక్క సేటుకు రాసిచ్చిన కాగితానికి కూడా కారణం నేనే. అప్పు తీర్చాల్సింది బ్యాంకుకు, నాకు కాదు. పెట్టె తెరిచి పదో తారీఖులోగా కట్టేయండి. నన్ను దాటి కట్టినట్టు కాదు. దాటడానికి మధ్యలో నేను ఎప్పుడూ లేను.

నాకు సిగ్గుగా ఉంది.

ఆదినారాయణ

*

హీరాలాల్ తండా
మార్చి 9

ఆదినారాయణ గారికి,

ఉత్తరం మంగళవారం అందింది. బుధవారం మీటింగులో మొత్తం చదివాను. మీరు చెప్పినట్టు ఒక్క ముక్క వదల్లేదు.

ముందు పూలి పెద్దమ్మ లేచింది. "అంటే మన మొకం చూసే ఇచ్చిన్రా అప్పు? ఎవ్వని జామీను లేకుంటనేనా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. అవ్ పెద్దమ్మా అన్నాను. "మరి గీ ఆరేండ్లు నేను పండుగకు కోడి కొయ్యాలన్నా సారు ఇల్లు యాదికొచ్చి ఊకున్న కదనే!" అని ఏడుస్తూ నవ్వింది. కొందరు మిమ్మల్ని తిట్టారు. ఒకరిద్దరు మీ తరఫున మాట్లాడారు. అవి రాయను.

శుక్రవారం పెట్టె తెరిచి, మూడు కిస్తీల పైసలూ తీసుకుని బ్యాంకుకు వెళ్లాం. మేడం లేచి నిలబడి తీసుకున్నారు. రసీదు పన్నెండు మందీ చేతులు మార్చుకుని చూశారు. మొండిబాకీ తప్పింది. జూన్ అప్పుకు దరఖాస్తు కూడా రాయించారు. భీమక్క కాగితం సంగతి సేటుతో మాట్లాడతానన్నారు గానీ అది తెగేలా లేదు. ఈ యేడు ఆమె మిర్చి పోయినట్టే.

ఇప్పుడు యాడి సంగతి. నిన్న ఆమె పొయ్యి దగ్గర కూర్చుని నాకు ఒకటి చెప్పింది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదట.

మా బాపు బిచ్యా రెండేళ్ల కింద ఆగస్టులో విషజ్వరంతో చనిపోయాడని మీకు తెలుసు. పదో రోజు కర్మకు మీరొచ్చారు కూడా. అప్పుడు నేను ఖమ్మంలో హాస్టల్లో ఉన్నాను. జ్వరం మొదలైన నాడు యాడి దగ్గర మేకలు అమ్మిన పైసలు ఉన్నాయి. మరునాడే పదో తారీఖు. ఆ నెల సంఘంలో ఇద్దరు కట్టలేకపోయారు. అధ్యక్షురాలు గనుక వాళ్ల వంతు కూడా తనే వేసి కిస్తీ పూర్తి చేసింది. బాపుకు ఊళ్లో సూదిమందు వేయించింది. మళ్లీ పైసలు చేతికొచ్చి ఖమ్మం దవాఖానాకు తీసుకొచ్చేసరికి ఎనిమిది రోజులు గడిచాయి. అప్పటికే మూత్రపిండాలు పనిచెయ్యడం మానేశాయి. బాపు మూడో రోజు పోయాడు.

ఆమె మిమ్మల్ని తిట్టలేదు. ఒక్కటి అడిగి రాయమంది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"సారూ, గా దినమే దవాఖానకు తోల్కపోతే గాయన బతికెటోడో లేదో నాకు తెల్వది. గది నిన్ను అడుగుత లేను. నీ ఇల్లు పోతదని, మా అరుగు మీద కూసున్న నీకు నేను చెప్పలే. పైసల్లేవని చెప్పుడే తప్పనుకున్న. గా దినం నేను నోరిప్పి, మా ఇంటాయనకు పానం బాగలేదు, కిస్తీ ఇప్పుడు కట్టలేను అని అడిగితే గడువు ఇచ్చెటోడివా, ఇయ్యకపోయెటోడివా? అవ్ అంటే అవ్ అని రాయి, కాదంటే కాదని రాయి. ఇంకేం రాయకు."

హేమలత

*

బోనకల్
మార్చి 15

హేమా,

ఈ ఉత్తరం మీటింగులో చదవకు. అమ్మకు ఒక్కదానికే చదువు. చదివేటప్పుడు పక్కనే కూర్చో.

కమ్లి చెల్లెకు,

అవ్.

ఇంకేం రాయొద్దన్నావు. కానీ నా దగ్గర దాచిన మాట ఇంకొకటి మిగిలితే అది కూడా అబద్ధమే అవుతుంది. జబ్బు చేసిన ఇంటికి గడువు ఇచ్చే అధికారం నా కుర్చీకి ఉండేది. ఆ యేడు వేరే ఊళ్లలో నలుగురైదుగురికి ఇచ్చాను కూడా. నాలుగు వాక్యాల దరఖాస్తు, నీ వేలిముద్ర, అంతే. మూడు నెలలు. ఆ రోజే ఇచ్చేవాణ్ణి.

ఆదినారాయణ